కొళాయి దగ్గర ఊడిన పన్ను: బడి స్టాఫ్‌కి పళ్ళ దెబ్బల ఫస్ట్ ఎయిడ్ ఎలా నేర్పాలి

కొన్నేళ్ళ కిందట ఒక సాయంత్రం ఏడో తరగతి పిల్లాణ్ణి మా క్లినిక్‌కి తీసుకొచ్చారు. భోజనం బెల్ అయ్యాక కొళాయి దగ్గర వంగి నీళ్ళు తాగుతుంటే వెనక నుంచి ఎవరో తోశారట, పై వరసలో ముందు పన్ను కొళాయికి కొట్టుకుని వేరుతో సహా ఊడొచ్చేసింది. వెంట వచ్చిన టీచర్ గారు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టారు. విప్పితే పన్ను తెల్లగా మెరిసిపోతోంది. మట్టి అంటిందని సబ్బు పెట్టి, పాత బ్రష్‌తో రుద్ది, ఎండలో ఆరబెట్టి మరీ తెచ్చారు. అప్పటికి ఊడి నాలుగు గంటలు దాటింది. ఆవిడ చేసిన ప్రతి పనీ ఆ పిల్లాడి మీద ప్రేమతో చేసిందే, కానీ ప్రతి పనీ ఆ పన్నుకి చేటు చేసింది. ఆవిడకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, అంతే.

అప్పటి నుంచి చుట్టుపక్కల బడులకి వెళ్ళి స్టాఫ్‌కి నేర్పుతున్నాను. మీరు హెడ్మాస్టరైనా, పీఈటీ అయినా, స్కూల్ కమిటీలో ఉన్న పేరెంట్ అయినా, నాలాంటి పళ్ళ డాక్టరైనా, ఇది మీ బడిలో మీరే నేర్పించొచ్చు. ఒక గంట చాలు, పెద్ద ఖర్చు కూడా లేదు. నేను ఎలా చేస్తానో వరసగా చెప్తాను, మీ బడికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు ఎవరిని కూర్చోబెట్టాలి

టీచర్లని మాత్రమే పిలిస్తే సగం పని పోయినట్టే. పిల్లలు పడేది ఎక్కువగా క్లాసులో కాదు కదా. కొళాయి దగ్గర, మెట్ల మీద, ఖోఖో, కబడ్డీ ఆడేచోట, బస్సు ఎక్కేటప్పుడు, ఇంకా చేతిపంపు ఉన్న బడుల్లో బోరింగ్ హ్యాండిల్ కింద నుంచి లేచి మూతికి తగిలి. ఆ చోట్ల ఎవరుంటారు? ఆయమ్మ, వాచ్‌మన్, వంట చేసే అక్కలు, బస్సు డ్రైవరు, క్లీనరు. వాళ్ళందరినీ అదే గదిలో, అదే వరసలో టీచర్ల పక్కన కూర్చోబెట్టండి. వెనక నిలబెట్టొద్దు, నిలబెడితే ఇది తమకి సంబంధించింది కాదనుకుంటారు. ఈ మాట హెడ్మాస్టర్ గారికి ముందే చెప్పి ఒప్పించండి.

టైము విషయానికొస్తే, జూన్‌లో బడి తెరిచిన మొదటి రెండు వారాల్లో ఒకసారి, మండల స్థాయి ఆటల పోటీలకి ప్రాక్టీస్ మొదలయ్యే ముందు ఇంకోసారి పెట్టుకుంటే బాగుంటుంది.

పన్ను ప్రాణంతో ఉంటుందని ఎలా అర్థం చేయించాలి

ఇక్కడ తొందరపడొద్దు. ఈ ఒక్క ముక్క బుర్రలోకి వెళ్తే మిగతావన్నీ వాటంతటవే గుర్తుంటాయి. చాలామంది దృష్టిలో పన్నంటే ఎముక ముక్క, రాయి లాంటిది. ఊడితే అయిపోయినట్టే. పైగా చిన్నప్పుడు ఊడిన పాలపన్నుని పేడలో పెట్టి ఇంటి కప్పు మీదకి విసిరిన అలవాటు మనందరిదీ. ఒక బడిలో అయితే తొమ్మిదేళ్ళ పిల్ల పన్ను దెబ్బకి ఊడితే స్నేహితురాళ్ళు ఎంతో ఇష్టంగా దాన్ని వరండా రేకుల మీదకి విసిరేశారు.

నేను వరినారుతో మొదలుపెడతాను. నారుమడిలోంచి పీకిన నారు కట్టని ఎండలో గట్టు మీద పడేసి, సాయంత్రం వచ్చి నాటితే బతుకుతుందా అని అడుగుతాను. గదిలో నవ్వులు, వంట అక్కలే ముందు జవాబు చెప్తారు, వేళ్ళు ఎండిపోతే ఇంకేం బతుకుతుంది సార్ అని. సరిగ్గా అదే. ఊడిన పన్ను వేరు మీద కంటికి కనపడని సన్నని పొర ఉంటుంది, దాన్నిండా బతికున్న కణాలుంటాయి. ఆ పొరే పన్నుని ఎముకకి పట్టి ఉంచేది. అది తడిగా, చెక్కుచెదరకుండా ఉంటే పన్ను మళ్ళీ అతుక్కుంటుంది. పదిహేను నిమిషాల్లోపు తిరిగి గుంటలో పెడితే ఆ కణాలు చాలావరకు బతికే ఉంటాయి. పొడిగా గంట దాటిపోతే దాదాపు అన్నీ చచ్చిపోతాయి. అప్పుడు డాక్టరు మళ్ళీ పెట్టినా అది కొన్నేళ్ళు జాగా కాపాడుతుంది కానీ, మెల్లగా ఎముకలో కరిగిపోయే అవకాశం ఎక్కువ.

రుద్దితే ఏమవుతుందో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు. నారు వేళ్ళని పీచుతో తోమినట్టే.

చాక్‌పీసు ప్రాక్టీసు

పీపీటీలు వద్దు. చేతులకి నేర్పాలి. ముందురోజు ఇంట్లో ఇవి సిద్ధం చేసుకోండి: మనిషికో తెల్ల చాక్‌పీసు ముక్క, రెండు అంగుళాలకి మించకుండా. దాన్ని సగం వరకు తడిపి ఎర్ర ముగ్గురంగులో దొర్లించండి. ఎర్ర సగం వేరు, తెల్ల సగం బయటికి కనపడే పన్ను. తెల్ల సగానికి ఒకవైపు పెన్నుతో చుక్క పెట్టండి, అది పెదవి వైపు. తర్వాత గట్టిగా కలిపిన చపాతీ పిండి ముద్ద మనిషికొకటి, అందులో చాక్‌పీసు పట్టేంత గుంట. అదే చిగురు.

ఇప్పుడు చాక్‌పీసుల్ని నేల మీద పడేసి, పన్ను ఊడింది తీయండి అనండి. అందరూ వంగి తీస్తారు. చేతులు చూపించమనండి. మొదటిసారి సగానికి సగం మంది వేళ్ళు ఎర్రగా ఉంటాయి. ఒక సీనియర్ లెక్కల సార్ తన బొటనవేలి మీది ఎరుపుని చూసుకుంటూ, ఇదంతా కణాలేనా డాక్టర్ గారూ అని అడిగారు. ఆ ప్రశ్న వచ్చాక గదిలో ఎవరూ మళ్ళీ ఎర్ర సగాన్ని ముట్టుకోలేదు.

రెండో రౌండులో చుక్క ఉన్న వైపు తమవైపుకి ఉండేలా పిండి గుంటలో పెట్టమనండి. ఎర్రభాగం మొత్తం లోపలికి వెళ్ళాలి, తెల్లది బయట ఉండాలి. అసలు పన్ను మీద చుక్క ఉండదు కాబట్టి గుర్తు చెప్పండి: పెదవి వైపు నున్నగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, నాలుక వైపు చెంచాలా గుంటగా ఉంటుంది. పక్క పన్నుతో పోల్చి చూసుకున్నా తెలిసిపోతుంది. వాచీ పెట్టి మూడోసారి చేయించండి. చేతులు అప్పటికి తడబడవు.

అసలు రోజున చేయాల్సింది, వరసగా

ఈ వరసని వాళ్ళ చేత పైకి చెప్పించండి, మీరు చదివి వినిపిస్తే నిలవదు.

పన్ను కన్నా ముందు పిల్లాడు. తెలివిలో ఉన్నాడా, వాంతి అవుతోందా, మగతగా ఉన్నాడా, ఫిట్స్ వచ్చిందా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటిది కారుతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తలకి దెబ్బ తగిలి ఉండొచ్చు, 108కి ఫోన్ చేయండి, పన్ను సంగతి తర్వాత. గడ్డం నేలకి కొట్టుకుని తెగిన పిల్లల్ని నోరు తెరిచి మూయమనండి. పళ్ళు ఎప్పటిలా కలవడం లేదంటే దవడ ఎముక విరిగి ఉండొచ్చు, అది చెవి దగ్గర విరుగుతుంది కాబట్టి గడ్డం కుట్లు వేయించి ఇంటికి పంపేస్తే బయటపడదు.

పిల్లాణ్ణి కూర్చోబెట్టండి, తల కొంచెం ముందుకి వంచండి, రక్తం గొంతులోకి పోకుండా. నోట్లో రక్తం ఉమ్మితో కలిసి ఉన్నదానికన్నా చాలా ఎక్కువగా కనపడుతుంది, చూసి టెన్షన్ పడొద్దని స్టాఫ్‌కి ముందే చెప్పండి. శుభ్రమైన గాజుగుడ్డో, ఉతికిన కర్చీఫో మడిచి గాయం మీద పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి. మధ్యలో తీసి తీసి చూడకూడదు. కాఫీపొడి, పసుపు, సున్నం ఏదీ పెట్టొద్దు. పెదవి మీద బయట నుంచి ఐసు గుడ్డలో చుట్టి పెట్టొచ్చు.

ఇంకొకరు వెంటనే పన్ను వెతకాలి. ఇద్దరు మనుషులు, రెండు పనులు, ఒకేసారి. ఒకరే ఉంటే రక్తం నొక్కే పని పిల్లాడి చేతికే అప్పగించి వెతకొచ్చు.

పన్ను దొరికింది. తెల్లభాగం పట్టుకుని తీశారు. మట్టి ఉంటే పాలల్లోనో సెలైన్‌లోనో ఒకసారి మెల్లగా జాడించండి. ఏదీ లేకపోతే పిల్లాడి ఉమ్మితోనైనా సరే. అంటుకున్న చిన్న ఇసుక రేణువు కోసం గోరు పెట్టొద్దు, అది డాక్టరు చూసుకుంటారు. ఇప్పుడు అది శాశ్వత పన్ను అని ఖాయమైతే, పిల్లాడు సహకరిస్తే, గ్లౌజు వేసుకుని గుంటలో పెట్టి వేలితో నెమ్మదిగా నొక్కండి, మడిచిన కర్చీఫు కొరికి పట్టుకోమనండి, బండెక్కండి.

ఇక్కడ ప్రతి బడిలోనూ ఒక చెయ్యి పైకి లేస్తుంది. మేం డాక్టర్లం కాదు కదా, పెట్టాక ఏదైనా అయితే మామీదకి రాదా అని. న్యాయమైన భయం అది, తీసిపారేయొద్దు. నేను చెప్పేది ఇదే: పెట్టగలిగితే అదే అన్నిటికన్నా మేలు, డెంటల్ ట్రామా మీద అంతర్జాతీయ సంఘం ఐఏడీటీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా చోటు మీదే పెట్టమని చెప్తాయి. చేతులు వణికితే, పిల్లాడు ఏడుస్తూ ఒప్పుకోకపోతే, పాలల్లో వేయండి. పాలల్లో వేసి పరుగెత్తుకొచ్చినవాళ్ళు తప్పు చేసినట్టు కానే కాదు. అడ్మిషన్ ఫారంలోనే పేరెంట్స్ దగ్గర ఫస్ట్ ఎయిడ్‌కి సమ్మతి సంతకం తీసుకుంటే ఈ భయం చాలావరకు తగ్గుతుంది. పెద్ద గుండెజబ్బు ఉన్న పిల్లలకీ, క్యాన్సర్ మందుల్లాంటివి వాడుతూ రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లలకీ మాత్రం మీరు పెట్టొద్దు, పాలల్లో వేసి తీసుకెళ్ళండి. అలాంటి పిల్లలెవరో క్లాస్ టీచర్‌కి తెలిసే ఉంటుంది.

పాలు ఎక్కడివి?

స్టాఫ్‌రూమ్‌లో టీ కోసం తెచ్చిన ప్యాకెట్. ఇంకెక్కడా వెతకక్కర్లేదు. బడిలో లేకపోతే గేటు బయట టీకొట్టు. చక్కెర కలపనివి, చల్లవి కావాలి. పొయ్యి మీద మరుగుతున్న పాలు తెచ్చి అందులో వేశారంటే పన్ను ఉడికిపోతుంది. పెరుగు, మజ్జిగ వద్దు, ఆ పులుపు కణాలకి పడదు. మంచినీళ్ళల్లో వేసి ఉంచడమూ మంచిది కాదు, నానబెట్టిన శనగల్లా కణాలు నీళ్ళు పీల్చుకుని ఉబ్బి పగిలిపోతాయి. అయినా ఇంకేమీ లేనప్పుడు కాగితంలో ఎండబెట్టడం కన్నా నీళ్ళే నయం.

పాలు లేకపోతే సెలైన్. అదీ లేకపోతే ఓఆర్ఎస్ ప్యాకెట్ ఉంటుంది కదా చాలా బడుల్లో, ప్యాకెట్ మీద రాసినంత నీళ్ళల్లో కలిపి అందులో వేయొచ్చు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికన్ రెడ్‌క్రాస్ కలిసి 2020లో ఇచ్చిన ఫస్ట్ ఎయిడ్ సూచనల్లో ఓఆర్ఎస్ ఉంది. ఏదీ దొరకని చోట, అంటే విహారయాత్రకి వెళ్ళిన బస్సులో లాంటప్పుడు, పిల్లాడి చేత చిన్న గ్లాసులోకి ఉమ్మించి అందులో పన్ను మునిగేలా ఉంచండి. చూడ్డానికి బాగోదు కానీ పని చేస్తుంది.

పాలపన్నా, అసలు పన్నా

దీనిలో పొరపాటు రెండువైపులా జరుగుతుంది. పాలపన్నుని మళ్ళీ పెట్టకూడదు, పైన చిగురులో తయారవుతున్న అసలు పన్నుని అది దెబ్బతీస్తుంది. అసలు పన్నుని పాలపన్నే అనుకుని పారేస్తే పిల్ల జీవితాంతం బాధపడాలి. వయసు చూడండి. కింద ముందు పళ్ళు ఆరు, ఏడేళ్ళకి, పైన మధ్య రెండూ ఏడు, ఎనిమిదికి, వాటి పక్కవి ఎనిమిది, తొమ్మిదికి వస్తాయి. అంటే మూడో తరగతి దాటిన పిల్లలకి ముందు ఊడిన పన్ను దాదాపుగా అసలుదే. కొత్తగా వచ్చిన అసలు పన్ను అంచు రంపంలా గరుకుగా ఉంటుంది, పాలపన్ను కన్నా పెద్దగా, కాస్త పసుపుగా కనపడుతుంది. ఒకటి, రెండు తరగతుల పిల్లల విషయంలో అనుమానం వస్తే పెట్టొద్దు, పాలల్లో వేసి తీసుకెళ్ళండి, డాక్టరు చూసి చెప్తారు.

ఊడకపోయినా చూడాల్సినవి

విరిగిన పన్నైతే ముక్క వెతకండి. ముక్కని పాలల్లోనో నీళ్ళల్లోనో వేసి తెస్తే చాలాసార్లు దాన్నే మళ్ళీ అతికించేస్తాం, రంగు కూడా కలిసిపోతుంది. ముక్క దొరకలేదంటే వాచిన పెదవిని మెల్లగా తడిమి చూడండి, లోపల ఇరుక్కుని ఉంటుంది ఒక్కోసారి. ఎక్కడా కనపడక, పిల్లాడు ఆగకుండా దగ్గుతుంటే, ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో, వెంటనే ఆసుపత్రి. విరిగిన చోట మధ్యలో ఎర్రటి చుక్క కనపడితే నరం బయటపడిందని, నొప్పి లేకపోయినా ఆరోజే చూపించాలి. ఎదిగే వయసులో ఆ నరాన్ని బతికించొచ్చు.

పన్ను పక్కకి జరిగితేనో, వేలాడుతుంటేనో ఎవరూ లాగొద్దు, ఊపి చూడొద్దు. ఇంకోటి ఉంది, దీన్ని చాలామంది గుర్తుపట్టరు: పన్ను కనపడదు, ఊడిందనుకుని నేలంతా వెతుకుతారు, తీరా చూస్తే అది దెబ్బకి చిగురులోకి దిగబడిపోయి ఉంటుంది. దాన్ని బయటికి లాగే ప్రయత్నం చేయకండి.

ఎక్కడికి తీసుకెళ్ళాలో ముందే తెలుసుకోండి

మన చిన్న ఊళ్ళల్లో క్లినిక్‌లు చాలావరకు మధ్యాహ్నం ఒంటిగంటకి మూసి సాయంత్రం అయిదుకి తెరుస్తారు. ఆటల పీరియడ్ మూడింటికి. చూశారా ఇబ్బంది? ట్రైనింగ్ కన్నా ముందే దగ్గర్లోని ఇద్దరు పళ్ళ డాక్టర్ల దగ్గరికి వెళ్ళి, ఊడిన పన్ను తెస్తే పెట్టి, కదలకుండా పక్క పళ్ళతో కలిపి కట్టు కడతారా, మధ్యాహ్నం ఫోన్ చేస్తే వస్తారా అని సూటిగా అడగండి. ఏరియా ఆసుపత్రిలో డెంటల్ ఓపీ ఎన్నింటిదాకా ఉంటుందో కనుక్కోండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి, దగ్గరివాళ్ళకి అవి ఆసరా. ఆ నంబర్లు హెచ్‌ఎం గారి ఫోన్లో ఒక్కదాన్లోనే ఉంటే లాభం లేదు, స్టాఫ్‌రూమ్‌ గోడ మీద, బస్సులో, వంటగది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఐఏడీటీ వాళ్ళ టూత్ ఎస్‌ఓఎస్ యాప్ ఉచితం, ఒకరిద్దరి ఫోన్లలో వేయించండి.

ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో చేర్చాల్సినవి: గట్టి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా, చిన్న సెలైన్ సీసా, గాజుగుడ్డలు, గ్లౌజులు, చిన్న టార్చి, ఓఆర్ఎస్. సెలైన్ సీసా మీద ఎక్స్‌పైరీ తేదీ చూడ్డం ఎవరి పనో పేరు రాసి పెట్టండి.

డబ్బాతో పాటు ఒక చీటీ కూడా పంపాలి. ఎన్ని గంటలకి పడ్డాడు, ఎక్కడ పడ్డాడు, ఎలా పడ్డాడు, పన్ను ఎంతసేపు నేల మీద ఉంది, ఎన్నింటికి పాలల్లో వేశారు. డాక్టరు చేసే వైద్యం ఈ అంకెల మీదే ఆధారపడుతుంది. మట్టిలో పడితే టీటీ విషయం అడుగుతారు, పదేళ్ళకీ పదహారేళ్ళకీ ఇప్పుడు టీటీ బదులు వేసే టీడీ ఇంజెక్షన్ పడిందో లేదో పేరెంట్స్‌ని కనుక్కుని అదీ రాస్తే ఇంకా మంచిది.

తర్వాతి వారాలు

కట్టు సుమారు రెండు వారాలుంటుంది. అన్ని రోజులూ మెత్తటి తిండి, ఆటలు బంద్. ఇక్కడ పేరెంట్స్ చాలామంది, పన్ను అతుక్కుంది కదా అని ఆపేస్తారు. వేరు పూర్తిగా తయారైన పన్నుకి రెండు వారాల్లోపే రూట్ కెనాల్ మొదలవ్వాలి, లేకపోతే నిలబెట్టిన పన్ను మళ్ళీ పోతుంది. క్లాస్ టీచర్ డైరీలో ఆ తేదీ రాసుకుని ఒక ఫోన్ చేస్తే చాలు. నెలల తర్వాత పన్ను బూడిదరంగుకి తిరిగినా, చిగురు మీద చీముపొక్కు కనపడినా మళ్ళీ పంపండి.

పిల్లలకి కూడా ప్రేయర్‌లో రెండు నిమిషాలు చెప్పించండి. దెబ్బ తగిలినప్పుడు మొట్టమొదట అక్కడుండేది వాళ్ళే కదా. పన్ను ఊడితే కప్పు మీదకి విసరొద్దు, తెల్లభాగం పట్టుకుని తీసి ఆయమ్మకో టీచర్‌కో ఇవ్వండి, అంతే. ముందు పళ్ళు బాగా ఎత్తుగా ఉన్న పిల్లలకి దెబ్బలు ఎక్కువ తగులుతాయి, వాళ్ళ పేరెంట్స్‌తో విడిగా మాట్లాడండి. కబడ్డీ, హాకీ ఆడే జట్టుకి మౌత్‌గార్డులు కొనిపించగలిగితే పీఈటీ గారికి దండం పెట్టొచ్చు.

రెండేళ్ళ కిందట ఒక బడి నుంచి ఆయమ్మ ఆటోలో వచ్చింది, ఒక చేత్తో పిల్లాణ్ణి, ఇంకో చేత్తో తన స్టీలు టిఫిన్ బాక్సు పట్టుకుని. మూత తీస్తే పాలు, అడుగున పన్ను. చీటీ రాసుకొచ్చే తీరిక లేదని అరచేతి మీదే బాల్‌పెన్నుతో రాయించుకుంది: పడింది 3:10, పాలు 3:14. నేను పన్ను పెట్టి కట్టు కట్టేసరికి ఇంకా నాలుగు కాలేదు.

ట్రైనింగ్ అయిన మూడు నెలలకి ఎవరికీ చెప్పకుండా ఆ ఎర్రరంగు చాక్‌పీసు ఒకటి కొళాయి దగ్గర పడేసి, పన్ను ఊడిందని ఒక పిల్లాడి చేత కేక పెట్టించండి. ఎవరు పరుగెత్తుకొచ్చారో, ఏ సగం పట్టుకున్నారో, పాలు ఎన్ని నిమిషాల్లో వచ్చాయో చూసి రాసుకోండి. వేళ్ళు ఎర్రబడినవాళ్ళతో ఆ సాయంత్రమే ఇంకోసారి ప్రాక్టీసు చేయించండి.